గోల్కొండ మీద పెద్దమ్మ కూత

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మణుగూరులో నేను ఉడుమును చూశానంటే, వినేవాళ్ళు అది తొండ అయి ఉంటుందని సర్దుకుంటారు. నాకు నూట ఐదు జ్వరం వచ్చిందని కబురు పెడితే మా ఆవిడ తరఫువాళ్ళు కనీసం నారింజపళ్ళు కూడా పట్టుకురారు. కాబట్టి ఈ కథలో అంకెలు వచ్చినచోట సగానికి సగం కోసుకోండి. ఎక్కడ కల్పించానో చివర నేనే ఒప్పుకుంటాను.

దయ్యాలంటే మాత్రం నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మైకుసెట్టు అద్దెకిచ్చే పని నాది. పెళ్ళికి, చావుకి, క్రిస్మసుకి, ఎన్నికలకి అన్నిటికీ నా హారన్లే కడతారు. ఇరవై ఏళ్ళుగా గొంతుల మధ్యే బతుకుతున్నాను. స్పీకరులో గురగుర వస్తే భూతమని ఎవరూ అనరు, వైరు పట్టుకుని వెనక్కి పోతారు. ఎక్కడో ఒక చోట ఎలుక కొరికి ఉంటుంది. ప్రతి శబ్దానికీ అవతలి కొసన ఏదో ఒకటి ఉంటుందనేది నా అనుభవం.

ఈ ఒక్క శబ్దానికే నాకు ఇప్పటికీ అవతలి కొస దొరకలేదు.

రెండు వేల ఆరో సంవత్సరమో, ఏడో. కోతలు అయిపోయి, బీడీలు చుట్టే తునికాకు కోత ఇంకా మొదలుకాని రోజులు. మా బస్తీ చర్చిలో స్త్రీల సమాజం ప్రతి ఏడూ ఎక్కడికో ఒక చోటికి వెళ్ళొస్తుంది. ఎక్కడికో అంటే పర్ణశాలకే. గోదావరి ఒడ్డున కూర్చుని అన్నం తిని, సీతమ్మ చీరలు ఆరేసిన రాళ్ళు చూసి, సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు. ఆ రాళ్ళను మావాళ్ళు ఎన్నిసార్లు చూశారంటే, చీరలు తీసి మడతపెట్టడం ఒక్కటే తక్కువ.

ఈసారి హైదరాబాద్ పోదామని లేవదీసింది నేనే. నేను చూసిన హైదరాబాద్ కోఠీలో ఆంప్లిఫయర్లు అమ్మే ఒక్క సందు. అయినా రోజూ సాయంత్రం చర్చి అరుగు మీద కూర్చుని నగరం మొత్తం వర్ణించాను. చార్మినార్ ఎక్కితే మణుగూరు గనుల పొగ కనిపిస్తుందన్నాను. గోల్కొండ కోటలో గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద ఉన్నవాడికి వినిపిస్తుందన్నాను. ఇది నిజమే, కానీ నేను చెప్పడం వల్ల ఎవరూ నమ్మలేదు. జూలో పులులు ఉంటాయంటే ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు.

"చర్ల అడవిల తిరిగెటోళ్ళం, పులిని చూడనీకి హైదరాబాద్ పోతమా? గదే మనల్ని చూడనీకి టికెట్ కొనాలె" అంది రాహేలు. మా వెనకింటి పిల్ల, నోరూ కాళ్ళూ రెండూ గట్టివి.

మా పెద్దమ్మ మార్తమ్మకు మాత్రం ఒక్క గడియారం మీద పడింది మనసు. మూసీ ఒడ్డున మ్యూజియంలో ఒక గడియారం ఉంది. గంటగంటకీ అందులోంచి గడ్డమున్న బెత్తెడు మనిషి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. అంతవరకు చాలు కదా. నేను ఆగలేదు. కొట్టి, దండం పెట్టి, ఎదురుగా కూర్చున్నవాళ్ళను ఏ ఊరని అడుగుతాడని చెప్పాను.

"ఏ భాషల అడుగుతడ్రా?" అంది పెద్దమ్మ.

"ఎవరి భాషల వాళ్ళకు" అన్నాను.

డెబ్బై ఏళ్ళ మనిషి, భద్రాచలం దవాఖానా దాటి ఎరగదు. చదువు రాదు. కొడుకు యేసుదాసు బొగ్గు గనిలో పని. షిఫ్టు దొరక్క తను రాలేకపోయాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని నాతో ఒకటే మాట అన్నాడు: "అన్నా, అమ్మ పైలం. నిన్ను నమ్మి పంపుతున్న." నన్ను నమ్మినవాడు మా బస్తీలో వాడొక్కడే.

బస్సు గురించి చెప్పాలంటే అది కాకతీయులు వాడి వదిలేసిన బస్సు. మొత్తం నలభై ఒక్క మందిమి. ఇంతమందిని నగరంలో తప్పిపోకుండా లెక్క చూసుకోవడం ఎలాగన్నప్పుడు, మా ఆవిడ రూతు అడవి లెక్కే పెడదామంది.

అడవి లెక్క అంటే ఇదీ. తునికాకు కోతకు మావాళ్ళు ముఠాగా పోతారు. లోపలికి పోయాక ఒకరికొకరు కనపడరు. పేరు పెట్టి పిలవరు, అడవికి పేరు తెలియనివ్వకూడదంటారు. ముఠా పెద్ద 'కూ' అని ఒక్క కూత వేస్తుంది. వరసగా ఒక్కొక్కరూ 'కూ' అని పలుకుతారు. పెద్ద కళ్ళు మూసుకుని, తన కూతను ఒకటిగా పట్టుకుని, వేలి కణుపుల మీద కూతలు లెక్కపెడుతుంది. ఎవరి గొంతు వాళ్ళదే కాబట్టి, ఎవరు పలకలేదో చూడకుండానే తెలిసిపోతుంది. కట్టుబాటు ఒక్కటే. ఒకరి బదులు ఇంకొకరు పలకరాదు. పలికితే, ఎవరి బదులు పలికారో ఆ మనిషి అడవి లోపల మిగిలిపోతుంది.

పదకొండేళ్ళుగా మా ముఠా పెద్ద రూతే. ఆమె లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఇది పెంచి చెప్పడం లేదు.

పెద్దమ్మ కూత వేలల్లో ఒక్కటి. మొదలు సన్నగా లేచి, చివరకొచ్చేసరికి చిన్న ఎక్కిలిలాగా విరుగుతుంది. ముందు పళ్ళు రెండు పోయాక వచ్చిన విరుపు అది. ఆ విరుపు విని యేసుదాసు కూతురు పాలు తాగే వయసులోనే నవ్వేదట.

తెల్లారేసరికి నగరంలో దిగాం. చార్మినార్ ఎక్కాం. పొగ కనిపించింది కానీ అది మణుగూరుది కాదని రాహేలు పసిగట్టింది. అక్కడ గాజులు చూస్తూ ఆడవాళ్ళు కదలలేదు. దానివల్ల మ్యూజియంకు చేరేసరికి పన్నెండు దాటి పది నిమిషాలైంది. పన్నెండు దెబ్బలూ అయిపోయాయి. దారిలో మూసీని చూపించి ఇదే నది అంటే, పెద్దమ్మ తొంగి చూసి "దీంట్ల మా బర్రె గూడ పండదు" అంది.

ఒంటిగంటకు అందరం గడియారం ముందు కుర్చీల్లో కూర్చున్నాం. గడ్డపు మనిషి వచ్చాడు. ఒకే ఒక్క దెబ్బ కొట్టి లోపలికి పోయాడు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "గింతేనా? ఒక్క దెబ్బకు రాత్రంత బస్సుల ఊగుకుంట వచ్చిన్నా?"

"ఒంటిగంటకు ఒక్కటే గద పెద్దమ్మా."

"అయితే రెండు గొట్టేదాంక కూసుంట. మీరు అన్ని చూసి రాండ్రి."

సరే, బొమ్మలూ కత్తులూ చూసి వస్తామని ఆమెను అక్కడే కూర్చోబెట్టి వెళ్ళాం. అరగంట అనుకున్నది అటూ ఇటూ అయింది. డ్రైవరు బయట హారన్ మీద చెయ్యి తీయడం లేదు, బస్సును అక్కడ ఆపనివ్వడం లేదని గోల. గుంపులు గుంపులుగా బయటికొచ్చి బస్సెక్కాం. పెద్దమ్మను ఎవరో ఒకరు వెంటపెట్టుకొచ్చే ఉంటారని ప్రతివాళ్ళూ అనుకున్నారు. నేను వెనక తలుపులోంచి ఎక్కి, బ్యాటరీ మైకు డబ్బా సర్దుకుంటున్నాను.

రూతు ముందు నిలబడి కళ్ళు మూసుకుని కూత వేసింది. ముందు సీట్ల నుంచి ఒక్కొక్కటే కూతలు వెనక్కి వచ్చాయి. రోడ్డు మీద జనం మమ్మల్ని వింతగా చూశారు. నలభై దగ్గర లెక్క ఆగింది. రూతు చెయ్యి గాల్లో అలాగే ఉంది. డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు. అప్పుడు వెనక సీట్ల వైపు నుంచి నలభై ఒకటో కూత వచ్చింది, చివరన విరుపుతో సహా.

"అయింది, పోనియ్" అంది రూతు.

గోల్కొండ దగ్గర దిగేసరికి రెండున్నర. కోట గోడ నీడన కూర్చుని అన్నం పొట్లాలు పంచాం. పులిహోర, ఒక్కొక్కరికి ఒక ఉడకబెట్టిన గుడ్డు. పంచడం అయ్యాక గంపలో ఒక పొట్లం మిగిలింది. ఒక గుడ్డు.

"ఎవరు తినలే?" అని అడిగింది రూతు. అందరి చేతుల్లోనూ పొట్లాలున్నాయి. ఆమె గుడ్డు వైపు చూసి, జనం వైపు చూసి, "పెద్దమ్మ ఏది?" అంది.

వెనక సీటులో పెద్దమ్మ దుప్పటీ, సంచీ ఉన్నాయి. పెద్దమ్మ లేదు.

యేసుదాసు కిటికీ పట్టుకున్న చెయ్యి కళ్ళముందు కనిపించింది. లక్షలమంది తిరిగే ఊరు. ఆమెకు తెలిసిన చిరునామా నా పేరు మీద నడిచే 'దానియేలు మైకుసెట్టు' అన్న రెండు మాటలు. ఆ రెండు మాటలు పట్టుకుని హైదరాబాద్‌లో ఏ పోలీసును అడుగుతుంది?

"బస్సుల ఉన్నది" అంది రూతు. "నా చెవులతోటి విన్న. నలభై ఒకటి."

"అవ్, మేం గూడ విన్నం. గా ఎక్కిలి గూడ వినబడ్డది" అన్నారు వెనక సీట్లవాళ్ళు ఇద్దరు ముగ్గురు.

నేను సీటు మీది దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను.

బస్సులో కూసిందంటే ఇక్కడే దిగి ఉండాలి. దిగి ముందే కోటలోకి పోయి ఉండాలి. అంతా లోపలికి పరిగెత్తాం. గుమ్మం లోపల గుమ్మటం కింద పర్యాటకులు గుంపుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. కొడుతున్నారు, తలెత్తి కొండ మీదికి చూస్తున్నారు, నవ్వుతున్నారు. వాళ్ళను చూస్తే ఏడుపొచ్చింది.

"జరగండయ్యా" అని రూతు వాళ్ళ మధ్యలోకి పోయి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, అడవిలో పిలిచినట్టే ఒక్క కూత వేసింది. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో పట్నం ఆయన చంకలోని బిడ్డను గట్టిగా పట్టుకున్నాడు.

పైనుంచి జవాబు వచ్చింది. చాలా ఎత్తు నుంచి, సన్నగా, స్పష్టంగా. చివర విరుగుతూ.

నలభై తలలూ ఒక్కసారి పైకి లేచాయి. ఒకరిద్దరు ఏడ్చేశారు, మిగతావాళ్ళు తిట్లు లంకించుకున్నారు. "గీ ముసల్దాని కాళ్ళల్ల చక్రాలున్నయే! మనకంటె ముందే కొండెక్కి కూసున్నది సూడు!" అంది రాహేలు. నాకు ప్రాణం లేచొచ్చింది. రూతు గోడకు ఆనుకుని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆమెను దింపుకురావడానికి నేనూ రాహేలూ ఎక్కాం. మెట్లు మూడు వేలు. నాకు మోకాళ్ళు చెప్పిన లెక్క అది. రాహేలు ఎక్కుతూ ఎక్కుతూ ఆగి నా కోసం చూస్తూ, "దానేలన్నా, నిన్ను గూడ మోసుకపోవాల్నా?" అంటోంది. ఎండ నెత్తిమీద ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళకు గోలీలు మింగే మనిషి, ఈ మెట్లు అరగంటలోపే ఎలా ఎక్కిందా అన్న ఆలోచన సగం దూరంలో వచ్చింది. వచ్చినా దాన్ని పక్కకు తోసేశాను.

పైన పెద్దమ్మ లేదు.

మంటపంలో చూశాం, రాళ్ళ వెనక చూశాం, గోడ అంచుకు పోయి, చూడ్డానికి భయమేస్తున్నా కిందికి కూడా చూశాం. ఊడ్చే ఆవిడను అడిగితే, పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నాను, తెల్లచీర ముసలమ్మ ఎవరూ పైకి రాలేదంది. రావడానికీ పోవడానికీ ఆమె ముందు నుంచే దారి.

రాహేలు అంచున నిలబడి కూత వేసింది.

జవాబు వెంటనే వచ్చింది. కింద నుంచి. గుమ్మం దగ్గర నుంచి.

"కిందనే ఉన్నదన్నా! మనల్ని ఆడిస్తున్నది" అంది రాహేలు, కానీ నవ్వలేదు.

నా దగ్గర సెల్‌ఫోన్ ఉంది. మాతో గుమ్మం దాకా వచ్చిన డ్రైవరుకు చేస్తే రూతుకు ఇచ్చాడు. "పెద్దమ్మ దొరికిందా?" అన్నాను.

"దొరుకుడేంది? పైననే ఉన్నది గద! ఇప్పుడే కూసింది, మీకు వినబడ్తలేదా?"

"మాకు కింద నుంచి వినబడింది రూతూ."

ఫోన్ చెవికి అలాగే ఉంది. అప్పుడే మూడోసారి వచ్చింది. ఈసారి కింద ఎవరూ పిలవలేదు, పైన మేమూ పిలవలేదు. దానంతట అదే వచ్చింది, మెల్లగా, పక్కన కూర్చున్న మనిషికి ధైర్యం చెప్పినట్టు. మాకు కింద నుంచి, రూతుకు పైనుంచి. "ఇగో, మళ్ళ!" అని ఆమె ఫోన్‌లో అరిచింది.

ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట. చెవి వదిలేసినదాన్ని కూడా మైకు పట్టుకుంటుంది. పెళ్ళి మంత్రాల మధ్య వంటింట్లో గిన్నె పడితే నా హారన్‌లో వినిపిస్తుంది. ఆ ఫోన్‌లో రూతు ఊపిరి వినిపించింది, పర్యాటకుల చప్పట్లు వినిపించాయి, ఐస్‌క్రీమ్ బండి గంట వినిపించింది. రూతు వింటున్న కూత మాత్రం ఫోన్‌లోకి రాలేదు. ప్రతిధ్వని అనుకుందామన్నా, ప్రతిధ్వని మనమిచ్చిందే తిరిగిస్తుంది. రూతు కూతలో విరుపు లేదు, రాహేలు కూతలో లేదు. మూడోసారైతే ఇచ్చినవాళ్ళే లేరు.

రాహేలు చేతి గడియారం చూసింది. మూడున్నర. ఆమె పళ్ళు టకటకలాడుతున్నాయి, ఎర్రటి ఎండలో.

కిందికి ఎలా దిగానో తెలియదు. దిగగానే రూతుతో, నేను మ్యూజియంకు పోయి చూసొస్తానన్నాను.

"మ్యూజియంకెందుకయ్యా? బస్సుల కూసింది గద! ఈడ్నే వెతకాలె" అంది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"నాకెందుకో ఆడ్నే ఉన్నదనిపిస్తుంది" అని ఆటో ఎక్కాను.

మ్యూజియం ఐదింటికి మూసేస్తారు. మూసేస్తే ఆమెను బయట రోడ్డు మీద నిలబెడతారు. రోడ్డు మీదికి వస్తే ఆమె ఏ వైపు నడుస్తుందో దేవుడికే తెలియాలి. అడవిలో అయితే ఆమె తప్పిపోదు. పొద్దును బట్టి, వాగును బట్టి ఇంటికొస్తుంది. ఇక్కడ మూసీని పట్టుకుని నడిస్తే ఎక్కడ తేలుతుంది? ఆటో మెహదీపట్నం దగ్గర నిలబడిపోయింది. నా జీవితంలో అన్ని బస్సులు ఒకేచోట చూడలేదు. ఆటో అతను "పరేషాన్ గాకు సాబ్, జల్దీ పోదాం" అంటూనే ఇంజను ఆపేశాడు. ఆ పావుగంటలో నేను చేసిన ప్రార్థనలకు మా పాస్టరు ఆశ్చర్యపోయేవాడు. ఇక మీద ఒక్క అబద్ధం ఆడనని కూడా మొక్కుకున్నాను. దేవుడు కూడా అందులో సగమే నమ్మి ఉంటాడు.

నాలుగూ ముప్పై ఐదుకు చేరాను. టికెట్లు ఇవ్వడం ఆపేశారు. గేటు దగ్గర బతిమాలితే, నా మొహం చూసి ఒకాయన లోపలికి తీసుకెళ్ళాడు.

గడియారం ముందు, మొదటి వరుస కుర్చీలో, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, కాళ్ళు మడుచుకుని కూర్చుని ఉంది మా పెద్దమ్మ.

నేను పోయి ఆమె చెప్పుల పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఏందిరా, గిట్ల చెమటలు? మెల్లగ రావద్దా?" అంది.

అక్కడి కాపలా ఆయన దగ్గరికొచ్చాడు. గడ్డం ఉంది ఆయనకు కూడా. "మీ అమ్మనా సాబ్? మంచిగ కూసున్నది. నీళ్ళిస్తే తాగింది. కానీ నడుమ నడుమ కోయిల లెక్క కూస్తున్నది. జనం గడియారమే కూసిందనుకుని చప్పట్లు కొట్టిన్రు."

"ఎప్పుడు కూసింది?" అని అడిగాను.

"మూడు కొట్టినంక. అరగంటల మూడుసార్లు. గప్పుడు నేనే చెప్పిన, అమ్మా, ఈడ అరువొద్దని. ఊకున్నది."

నేను పెద్దమ్మ వైపు తిరిగాను. "ఎందుకు కూసినవ్?"

"పిలిస్తే పలుకనా? పలుకకపోతే వదిలేసి పోతరు గద."

"ఎవరు పిలిచిండ్రు?"

"మొదలు రూతు. గా తర్వాత రాహేలు. దాని గొంతు వణుకుతున్నది, ఏమైందిరా పోరికి?"

"మూడోసారి?"

"మూడోసారి ఎవ్వరు పిలువలే. మీరు గాబరగ ఉన్నరనిపించి నేనే కూసిన."

గోల్కొండకూ ఆ మ్యూజియంకూ మధ్య రోడ్డు మీద పది కిలోమీటర్లు ఉంటుంది. ఇది మాత్రం పెంచలేదు.

డ్రైవరు ఫోన్‌కు చేసి దొరికిందని చెప్పాను. అవతల నుంచి అందరి ఏడుపు వినిపించింది. లేచి పోదామంటే పెద్దమ్మ లేవలేదు. ఐదు కొట్టేది చూసి వస్తానంది. కాపలా ఆయన నవ్వి, ఐదు కొట్టాక తలుపులు వేద్దాంలే అన్నాడు. గడ్డపు మనిషి బయటికొచ్చాడు. ఐదు దెబ్బలు. పెద్దమ్మ ఐదింటినీ కణుపుల మీద లెక్కపెట్టుకుంది.

"అన్ని కలిపి పదిహేను చూసిన. ఒక్కసారి గూడ దండం పెట్టలే. నువ్వు అబద్ధాలకోరువురా" అంది లేస్తూ.

తిరుగు ఆటోలో అడిగాను. "రెండు కొట్టంగనే బయటికి రావద్దా? మేము వెతుక్కోమా?"

ఆమె చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "బయట రూతు లెక్క పిలిచింది. లేద్దామనుకునేలోపల్నే నా కూత నాకు వినబడ్డది. బస్సులకెల్లి. కూసినంక ఇగ నేను లెక్కల ఉన్నట్టే గద. లెక్కల ఉన్నదాన్ని వదిలేసి ఎట్ల పోతరు? నిమ్మలంగ కూసున్న."

బస్సు నిలబడిన రోడ్డుకూ ఆ హాలుకూ మధ్య ఎన్ని గోడలున్నాయో నేను చూసొచ్చాను. ఆటో కోట దగ్గర ఆగేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాను.

రూతు ఆమెను పట్టుకుని విడవలేదు. రాహేలు మాత్రం దగ్గరికి రాలేదు, దూరం నుంచే చూసింది. తర్వాత ట్యాంక్‌బండ్, దాని దీపాలు అన్నీ చూశామంటారు మావాళ్ళు. నాకేమీ గుర్తులేదు.

ఈ కథ మణుగూరు నుంచి చర్ల దాకా పాకింది. నేనే సగం పాకించాను. పెద్దమ్మ కూత నాలుగుసార్లు వినిపించిందని అందరూ చెప్పుకుంటారు. ఒకటి బస్సులో, మూడు కోటలో. మ్యూజియంకు పొమ్మని నా చెవిలో దేవుడే చెప్పాడని పాస్టరు ప్రసంగంలో కూడా అన్నాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను, వినయమనుకున్నారు.

రూతుకు మాత్రం అది కథ కాలేదు. ఆ వేసవి తునికాకుకు పోయిన మొదటిరోజే ముఠా పెద్దరికం రాహేలుకు ఇచ్చేసింది. ఎందుకని అడిగితే, "లేని మనిషి కూత విన్న. ఇగ నా చెవులను నేను నమ్మ. రేపు అడవిల ఎవల్నన్న వదిలేసి వస్తే?" అంది. ఇప్పటికి మూడేళ్ళయింది. ఆమె వరసలో చివర నిలబడి అందరితో పాటు పలుకుతుంది. లెక్కపెట్టదు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. మెట్లు మూడు వేలు కావు, మూడు వందల చిల్లర. బస్సు కాకతీయులది కాదు, పాతది, అంతే. మెహదీపట్నంలో ఆగింది పావుగంట కాదు, ఐదు నిమిషాలు. గుడ్డు మిగిలింది నిజం. కోటలో మూడు కూతలు నిజం, ఫోన్‌లో రాకపోవడం నిజం, కాపలా ఆయన చెప్పిన టైము నిజం.

కూతల్లో నేను కల్పించింది ఒక్కటే. బస్సులో నలభై ఒకటో కూత నాది.

మా బస్తీలో ఎవరి గొంతునైనా దించగలను. ఆ సంగతి ఇంతవరకు కావాలనే రాయలేదు. వెనక సీటు మీద దుప్పటి ఉబ్బెత్తుగా ఉంది, పెద్దమ్మ కప్పుకుని పడుకుందనుకున్నాను. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నలభై దగ్గర లెక్క ఆగింది. లేపడమెందుకని ఆమె బదులు నేనే కూశాను, విరుపుతో సహా, నా పనితనానికి నేనే మురిసిపోతూ. కోటలో పైనుంచి జవాబు వచ్చినప్పుడు నాకంటే సంతోషించినవాడు లేడు. దుప్పటి కింద నిజంగానే ఉందన్నమాట అనుకున్నాను. పైకి పోయి చూశాక అర్థమైంది. మ్యూజియంకు పొమ్మని దేవుడు చెప్పలేదు. ఆమె బస్సే ఎక్కలేదని అక్కడున్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు.

పెద్దమ్మకు చదువు రాదు. ఈ కాగితం ఆమెకు చదివి వినిపించాల్సింది రూతే. చదువుతూ చదువుతూ ఇక్కడికి వచ్చి ఉంటుంది.

రూతూ, నీ చెవులకేమీ కాలేదు. ఆరోజు నువ్వు నలభై ఒకటి సరిగ్గానే విన్నావు.